ముక్కు మీది తెల్ల పొడి

ఆ ఆదివారం పొద్దున ఏడింటికి నోలీన్ గార్వి తన ఇంటి ముందరి లిక్విడాంబర్ చెట్టు కింద నిలబడింది గాని, తల పైకెత్తడానికి జంకింది. పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం అదే చెట్టు కింద నిలబడి కాకటూలను, పసుపు జుట్టున్న ఆ పెద్ద తెల్ల చిలకలను, లెక్కపెడుతున్న మనిషి ఆవిడ. ఆ దక్షిణ దేశంలో మే నెలంటే ఆకులు రాలే కాలం గనక ఆకులన్నీ ఎర్రబడ్డాయి. ఆ ఎరుపులో తెల్లటి పిట్టలు దాక్కుందామన్నా దాక్కోలేవు. పైనుంచి చిటపటమని చప్పుడు, వెనకే ముళ్లకాయల పొట్టు, కొరికి పారేసిన రెమ్మలు ఆవిడ టోపీ మీద రాలుతున్నాయి. మిగతా రోజంతా వీధి అదిరిపోయేలా అరిచే ఈ పిట్టలు తిండి దగ్గర మాత్రం పరీక్ష రాస్తున్న పిల్లల్లా నోరు మూసుకుంటాయి. ఎడమ కాలితో కాయను పట్టుకుని, తిప్పి, ముక్కుతో చీల్చి, లోపలి గింజను నాలుకతో లాక్కుంటాయి. అన్నిటిదీ ఎడమ వాటమే. నోలీన్‌దీ అంతే. చిన్నప్పుడు కాన్వెంటు బళ్లో సన్యాసినులు ఆ చేతి మీద స్కేళ్లు విరగ్గొట్టారు గాని వాటం మారలేదు.

చిటపటల మధ్య ఉండుండి టప్పుమని ఇంకో చప్పుడు. చీలని కాయ చీలనట్టే కింద పడుతోంది. ఎవరు పడేస్తున్నారో చూడక్కర్లేదు. బటనే.

బటన్ కిందటి డిసెంబరులో తొర్ర వదిలి బయటికొచ్చిన పిల్ల. గుండ్రటి నల్ల కళ్లను చూసి నోలీనే ఆ పేరు పెట్టింది. ఏడు నెలలొచ్చినా ఇంకా తల్లి పక్కన చేరి, తల ఊపుతూ, తలుపు బందు కిర్రుమన్నట్టు గింజల కోసం సతాయిస్తుంది. నెల కిందటి దాకా ఆ సతాయింపు చూసి నవ్వుకునేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ధైర్యం చేసి బైనాక్యులర్స్ పైకెత్తింది. బటన్ పసుపు జుట్టులో రెండు ఈకలు లేవు. మెడ దగ్గర తెలుపు మాసిపోయి, రోడ్డు మీద పడేసిన తువ్వాలు రంగుకొచ్చింది. అన్నిటికంటే భయం, ముక్కు. నల్లగా నిగనిగలాడుతోంది.

పక్క చెట్టు కింద లెక్క ముగించుకుని క్లైవ్ పెంగెల్లీ వచ్చాడు. భూగోళం చెప్పి రిటైరైన మాస్టారు. ఈ లెక్కల బృందానికి పెద్ద. పదవి పోయినా మెడలో విజిల్ పోలేదు.

"మన బటన్‌గాడి ముక్కు చూశావా నోలీన్? పాలిష్ కొట్టిన బూటులా లేదూ! అందగాడవుతున్నాడమ్మా."

నోలీన్ ముప్పై ఎనిమిదేళ్లు పళ్ల డాక్టరు దగ్గర నర్సుగా చేసిన మనిషి. ఎదుటివాడు నవ్వితే నవ్వు కాక చిగుళ్లు కనిపిస్తాయి. ఒంట్లో సరిగ్గా ఉన్న కాకటూ ముక్కు మెరవదని ఆవిడకు తెలుసు. దాని ఈకల్లోంచి మెత్తటి పొడి రాలుతూ ఉంటుంది. ఆ పొడి ముక్కంతా పట్టి, సుద్ద తుడిచిన పలకలా బూడిద రంగులో ఉంటుంది. ఆవిడ పెరటి వరండాకు నల్ల రంగేసిన ఇనుప కమ్మీ ఉంది. దాని మీద పిట్ట వాలి లేస్తే తెల్లటి మరక పడాల్సిందే. ఏళ్ల తరబడి గుడ్డతో తుడిచి విసుక్కుంది. పది రోజులుగా బటన్ వాలిన చోట మరక పడటం లేదు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

లెక్క అయ్యాక క్లైవ్ ఇంట్లో టీ, స్కోన్లనే చిన్న బన్నులు, అత్తిపండు జామ్. ఆ వేళ నోలీన్, ముక్కుకు ఆ మెరుపు మంచిది కాదని చెప్పింది. క్లైవ్ తక్షణం డాక్టర్ థుయ్‌కి ఫోన్ కలిపి బల్ల మీద పెట్టాడు. థుయ్ పశువుల డాక్టరు. గాయపడ్డ అడవి పిట్టలను పట్టి వైద్యం చేయడానికి అనుమతి ఉన్న మనిషి. విషయం విన్నాక ఆమె గొంతు తగ్గింది. అది ముక్కుకూ ఈకలకూ వచ్చే జబ్బులా ఉందని, పట్టి పరీక్ష చేస్తే గాని ఖాయంగా చెప్పలేనని, అదే అయితే మందు లేదని చెప్పింది. ఈకలు రాలి, ముక్కు చీలి, పిట్ట ఆకలితో చస్తుంది. అంతవరకు రానివ్వకుండా సూదిమందుతో శాశ్వతంగా నిద్రపుచ్చడమే. తరవాత అసలు ప్రశ్న అడిగింది. పిట్టలన్నీ ఒకే గిన్నెలో ముక్కు పెట్టే చోట ఇది పాకుతుంది. మీ వీధిలో ఎవరైనా తిండో నీళ్లో పెడుతున్నారా?

గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అందరికంటే ముందు నోలీన్ నోరే తెరుచుకుంది.

"జ్వోంకో పెడతాడుగా, పొద్దుతిరుగుడు గింజలు."

అనేసింది. కాలు జారితే లేచి నిలబడొచ్చు, నోరు జారితే ఏం పట్టుకుని లేస్తాం?

జ్వోంకో మతియెవిచ్ ఆవిడకు ముప్పై ఏళ్ల పొరుగువాడు. క్రొయేషియా నుంచి పాతికేళ్ల వయసులో వచ్చి, సొరంగాలు తవ్వి, ఇప్పుడు టమాటాలు పండించుకుంటున్న డెబ్బై ఏడేళ్ల ముసలాయన. రెండేళ్ల కిందట వెనక వరండాలో గింజల పళ్లెం పెట్టడం మొదలెట్టాడు. ఊళ్లోని వంద కాకటూలు దిగి, గింజలయ్యాక అందరి దేవదారు కిటికీలూ కొరికాయి. నోలీన్ కంచె దగ్గరికెళ్లి ఆయన్ని దులిపేసింది. బృందం లెక్కల కాగితం మీద "కళ్లు పైకి, చేతులు ఖాళీ" అని, అంటే చూడ్డమే గాని తిండి పెట్టకూడదని, గుండ్రటి అక్షరాలతో నియమం రాసింది ఆవిడే. అలాంటావిడ ఊరుకుంటుందా? ఊరుకోలేదు. కిందటి క్రిస్మస్‌కి జ్వోంకో పళ్లెం తీసేశాడు. తీసేయడం నోలీన్ తన వంటింటి కిటికీలోంచి కళ్లారా చూసింది. గెలిచానని ఆ పూట ఒక గ్లాసు షెర్రీ కూడా తాగింది.

కాబట్టి ఆవిడ ఆడింది అబద్ధం. తెలిసి ఆడిన అబద్ధం.

ఇంటికొచ్చి నేరుగా పెరట్లోకి వెళ్లింది. కమ్మీకి తీగతో కట్టిన గిన్నె ఉంది. చిక్కుడుగింజ ఆకారంలో ఉండే స్టీలు గిన్నె. పళ్ల డాక్టరు దగ్గర పనిముట్లు పెట్టేవి అవే. రిటైరైన రోజు గుర్తుగా ఒకటి ఇచ్చి పంపారు. జనవరిలో ఎండ నలభై మూడు దాటిన రోజు, జంతువులకూ పిట్టలకూ నీళ్లు పెట్టండని రేడియో చెబితే కట్టింది. వీధిలో సగం మంది పెట్టారు, ఎండలు తగ్గాక తీసేశారు. ఆవిడ తీయలేదు. నీళ్లు తిండి కాదుగా, నియమం తప్పినట్టు కాదనుకుంది. అసలు మాట వేరే. బటన్ తన తల్లినీ తండ్రినీ వెంటబెట్టుకుని, కాలి వేలు తెగిన ఒక ముసలి మగపిట్టను కూడా తోడు తెచ్చుకుని, రోజూ నాలుగింటికి ఆ గిన్నె దగ్గరికొచ్చేది. ఆ నాలుగూ ఇంకెవరి పెరట్లోకీ రావు. ఆ సంగతి ఆవిడకు లోలోపల గర్వం.

మొదట్లో రోజూ మరిగే నీళ్లతో గిన్నె కడిగేది. ఫిబ్రవరిలో మెట్ల మీద జారి ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఒంటిచేత్తో తీగ విప్పలేక, కడగడం మాని, పైనుంచి పైపుతో నీళ్లు నింపింది. కట్టు విప్పాక కూడా అదే అలవాటైపోయింది. ఇప్పుడు వంగి చూస్తే గిన్నె అడుగున పచ్చటి జిగురు, దాంట్లో ఒక చిన్న తెల్ల ఈక. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క రోగికి కూడా తన చేతుల మీదుగా జబ్బు అంటనివ్వలేదని చెప్పుకునే మనిషి. గిన్నె విప్పి, బ్లీచులో నానబెట్టి, నాలుగుసార్లు తోమి, బట్టలుతికే గదిలో సబ్బు పొడి డబ్బాల వెనక దాచేసింది. తోమినంత మాత్రాన తప్పు పోదని ఆవిడకు తెలియక కాదు.

నాలుగింటికి బటన్ వచ్చింది. కమ్మీ మీద గిన్నె ఉండాల్సిన చోట వాలి, తల ఊపుతూ కిర్రుమని సతాయించింది. నోలీన్ వంటింట్లో కుళాయి గట్టిగా తిప్పింది, ఆ గొంతు వినపడకుండా.

తరవాతి మూడు రోజులూ భయం ఆవిడను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఏ పిట్టను చూసినా జబ్బుదిలాగే కనిపించింది. తల గోక్కుంటే జబ్బు, రెక్క విదిల్చితే జబ్బు. బటన్ తల్లి మెడ మీద నీడ పడితే మాసిందనుకుని గేటు దాకా పరిగెత్తింది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. గిన్నె సంగతి తెలిస్తే ఆదివారాలు పోతాయి. చెట్టు కింద నిలబడే హక్కు పోతుంది. మొగుడు పోయాక, పని మానేశాక, ఆవిడకు వారమంటే ఆదివారమే మిగిలింది.

ఈలోగా వీధి జ్వోంకో మీద పడింది. ఎవరో ఆయన ఉత్తరాల డబ్బాలో "పిట్టల్ని చంపకు" అని పేరు లేని చీటీ వేశారు. రొట్టెల దుకాణంలో ఒకావిడ ఆయన్ని చూసి మొహం తిప్పుకుంది. నోలీన్ చూసి, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఆయన మాత్రం ఆవిడకు మామూలుగానే టోపీ ఎత్తి తల ఊపాడు.

థుయ్ రెండుసార్లు వలతో వచ్చింది. రెండుసార్లూ బటన్ అందలేదు. బలం తగ్గినా భయం తగ్గని పిట్ట. గురువారం మధ్యాహ్నం మూడోసారి వచ్చినప్పుడు, ఈసారి జ్వోంకో పెరట్లో ఆ పళ్లెం దగ్గరే మాటు వేద్దామని క్లైవ్ అన్నాడు. నోలీన్‌ను కూడా రమ్మన్నారు. రానని చెప్పడానికి సాకు దొరకలేదు.

జ్వోంకో తలుపు తీసి, వాళ్లు చెప్పేదంతా విని, పెరట్లోని షెడ్డులోకి తీసుకెళ్లాడు. గోడకు గింజల పళ్లెం తగిలించి ఉంది. దాంట్లో మేకులు, మరలు, తుప్పు పట్టిన ఒక తాళం. మేకుల మధ్య సాలెపురుగు గూడు కట్టుకుని కాపురం కూడా పెట్టేసింది.

"క్రిస్మస్ నుంచి ఇందులో మేకులే. కాకటూలు మేకులు తింటాయా క్లైవ్?" అన్నాడు.

క్లైవ్ విజిల్ పట్టుకుని నేల చూశాడు. థుయ్ మాత్రం మర్యాదగానే, అయితే మరి పిల్ల ఎక్కడ తాగుతోందో, దాంతో పాటు ఇంకేవి తాగుతున్నాయో తెలియాలని చెప్పింది. బటన్ ఒక్కటే అయితే ఒక్కటే పోతుంది. దాంతో ఒకే గిన్నెలో ముక్కు పెట్టినవి ఏవో తెలియకపోతే వాటి మీద కన్నేయలేం, అవి తొర్రల్లోకి తీసుకెళ్లి వచ్చే ఏటి పిల్లలకు అంటిస్తాయి. వీధిలో ఇరవై మూడు పిట్టలున్నాయి.

జ్వోంకో నోలీన్ వైపు చూశాడు. కోపంగా కాదు. బస్సు కోసం ఎదురుచూసినట్టు చూశాడు. ఇప్పుడు ఊరుకుంటే ఇక ఎప్పుడూ ఎవరికీ తెలియదు. అదే భయంకరంగా తోచింది.

"నా దగ్గర తాగుతోంది," అంది. "నా పెరట్లో గిన్నె. జనవరి నుంచి. ఫిబ్రవరి నుంచి కడగలేదు. జ్వోంకో పళ్లెం తీసేయడం నేను చూశాను. చూసి కూడా ఆయన పేరు చెప్పాను."

థుయ్ ఒక్కటే అడిగింది, ఎన్ని పిట్టలు తాగాయని. నాలుగని చెప్పింది నోలీన్. అవి ఏ పిట్టలో గుర్తులతో సహా చెప్పింది. థుయ్ రాసుకుంది.

"ఆ గిన్నె ఇప్పుడెక్కడుంది?"

"దాచాను."

"తెచ్చి కట్టండి. వలకు రాని పిట్ట అలవాటైన గిన్నెకు వస్తుంది. మీరు తప్ప దగ్గర ఎవరూ ఉండకూడదు."

అలా నోలీన్ తన చేత్తోనే ఆ గిన్నెను తీగతో కట్టి, మంచినీళ్లు పోసి, భుజాన పాత స్నానపు తువ్వాలు వేసుకుని కుర్చీలో కూర్చుంది. మిగతావాళ్లు కంచె అవతల జ్వోంకో టమాటాల వెనక నక్కారు. రాకూడదు దేవుడా అనుకుంది. వెంటనే రావాలి దేవుడా అనుకుంది. దేవుడికి కూడా ఎటూ తోచని ప్రార్థన అది.

నాలుగు దాటి ఐదు నిమిషాలకు బటన్ వచ్చింది. గిన్నె కనపడగానే జుట్టు విప్పింది. ఉన్న నాలుగు ఈకలే విప్పింది. ఒక కన్నుతో ఆవిడను చూసి, నమ్మి, వంగి ముక్కు నీళ్లలో పెట్టింది. నోలీన్ తువ్వాలు వేసింది. కరుస్తుందని చేతులు బిగబట్టింది గాని అది కరవలేదు, కరిచే బలం లేదు. ఖాళీ సంచిలా తేలికగా ఉంది. తువ్వాలులోంచి తల బయటపెట్టి, ఆవిడ మొహంలోకి చూస్తూ, తల్లిని గింజలడిగినట్టు కిర్రుమంది. థుయ్ వచ్చి అందుకునేదాకా అలా అడుగుతూనే ఉంది.

పరీక్ష ఫలితం సోమవారం వచ్చింది. జబ్బు అదే. అప్పటికే ముక్కు లోపల చీలిందని, ఆ పొద్దునే నిద్రపుచ్చేశానని థుయ్ ఫోన్లో చెప్పింది. గిన్నె వల్లేనా అని నోలీన్ అడిగింది. గిన్నె వల్ల కావచ్చు, పుట్టిన తొర్రలోనే అంటి ఉండొచ్చు, అది ఎవరూ ఏనాటికీ చెప్పలేరని థుయ్ అంది. మిగతా మూడింటినీ ఆర్నెల్ల పాటు రోజూ చూడాలి, వాటి మొహాలు ఎరిగింది మీరొక్కరేనని కూడా అంది. శిక్ష వేసినట్టు అనలేదు. పని చెప్పినట్టే చెప్పింది.

అంతకుముందు వారంలాగే తరవాతి ఆదివారం కూడా ఏడింటికి నోలీన్ చెట్టు కిందికి వెళ్లలేదు. పెరటి మెట్ల మీద కూర్చుంది. కంచె మీదుగా జ్వోంకో తల కనిపించింది.

"లెక్కకి వెళ్లలేదేం?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"ఉన్నది ఒకటే మొహంగా, అదే పెట్టుకుని వెళ్లు."

ఆవిడ నవ్వలేదు. ఇన్నాళ్లూ లోపల తొలుస్తున్నది అడిగింది. "నీ వరండాలోంచి నా గిన్నె కనపడుతుంది. రోజూ చూస్తూనే ఉన్నావు. ఆ చీటీ వేసినప్పుడైనా ఎందుకు చెప్పలేదు జ్వోంకో?"

ఆయన కంచె మీద చేతులు ఆనించాడు. "చెబితే ఎవరు నమ్ముతారమ్మా? నియమం రాసిందానివి నువ్వాయె. అయినా, నా పళ్లెం తీయించడానికి ముప్పై సార్లు కంచె దగ్గరికొచ్చావు. నీ గిన్నె కోసం నేను ఒక్కసారైనా రావాల్సింది. మార్చిలోనే పచ్చగా కనపడింది నాకు. దెబ్బకి దెబ్బ అనుకుని ఊరుకున్నాను. దాంట్లో నాకూ వాటా ఉంది."

బటన్ తల్లి వచ్చి కమ్మీ మీద వాలింది. గిన్నె లేదు, విప్పేసి వారమైంది. ఎడమ కాలిలో ఒక ముళ్లకాయ ఉంది. దాన్ని చీల్చి, గింజ ముక్కున పట్టుకుని, పక్కకు తిరిగి మెడ చాచింది. పక్కన ఎవరూ లేరు. కాసేపు అలాగే ఉండి, గింజ తనే మింగి, ఇంకో కాయ కోసం ఎగిరిపోయింది.

నోలీన్‌కు ఏడుపొచ్చింది. కంచె అవతల ముసలాయన ఉన్నాడని కూడా చూసుకోకుండా ఏడ్చింది. ఏడుస్తూనే లేచి కమ్మీ దగ్గరికెళ్లింది. పిట్ట కూర్చున్న చోటికి కళ్లు తిప్పడానికే చాలాసేపు పట్టింది. నల్ల రంగు మీద ఏమీ లేకపోతే ఏం చేయాలో ఆవిడకు తెలియదు. ఎడమచేతి వేలు కమ్మీ మీద మెల్లగా రాసి, వెలుతురులో పెట్టి చూసుకుంది.

వేలికి తెల్లటి పొడి అంటింది.

"ఉందా?" అన్నాడు జ్వోంకో.

"ఈ రోజుకి ఉంది," అంది నోలీన్. లోపలికెళ్లి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని, ఖాళీ చేతులతో చెట్టు కిందికి నడిచింది.